సముద్రం కింద కృష్ణమ్మ పాత దారి

పెనుమూడి వంతెన మీద నిలబడితే కృష్ణమ్మ సముద్రానికి దగ్గర పడిందనిపిస్తుంది. కానీ ఒకప్పుడు ఆమె ప్రయాణం ఇక్కడితో అయిపోయేది కాదు. ఇప్పుడు చేపల బోట్లు తిరిగే చోట నేల ఉండేది. ఆ నేల మీదుగా నది ఇంకా ఎంతో దూరం పారేది. ఆ నేల ఎటు పోయింది? మనం నిలబడ్డ ఈ నేల ఎక్కడినుంచి వచ్చింది? రేపల్లె సీమలో తిరిగితే రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

ఉదయం ఆరున్నర. వంతెన మీద బండి ఆపి కిందికి చూశాను. కనుచూపు మేర నది. మధ్యమధ్యలో ఇసుక తిన్నెలు, వాటి మీద కొంగలు. ఒడ్డున రెండు నాటు పడవలు. ఇటు పెనుమూడి, బాపట్ల జిల్లా. అటు పులిగడ్డ, కృష్ణా జిల్లా. వంతెన రాకముందు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పడవే దిక్కు. పడవ వద్దనుకుంటే విజయవాడ దాకా వెళ్లి చుట్టు తిరిగి రావాల్సిందే. ఇప్పుడు నిమిషాల పని.

మహాబలేశ్వరం కొండల్లో పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి వచ్చిన కృష్ణమ్మ పులిగడ్డ దగ్గరే రెండుగా చీలుతుంది. ఒక పాయ హంసలదీవి వైపు వెళ్తుంది. రెండోది కిందికి పారి, మళ్లీ పాయలై సముద్రంలో కలుస్తుంది. ఈ పాయల మధ్య ఉన్నదే దివిసీమ.

వంతెన కింద వల సర్దుకుంటున్న ఓ పెద్దాయన్ని పలకరించాను. ఇప్పుడు నదిలోనే వేట. వయసులో ఉన్నప్పుడు మాత్రం నిజాంపట్నం బోట్ల మీద చాలా ఏళ్లు పనిచేశాడట.

"సముద్రం అడుగున ఏముంటుంది బాబాయ్?" అని అడిగాను.

"ఏముంటదండీ! ఒడ్డు నుంచి పోతా ఉంటే కొంత దూరం ఒండ్రే. లంగరు తీస్తే నల్ల బురద పట్టుకొస్తది. ఇంకా లోపలికి పోతే ఒండ్రు అయిపోయి ఇసక వస్తది. గుల్ల వస్తది. ఒక్కోచోట రాయి కూడా తగులుద్ది. వల పడిందో, చిరిగిందే!"

మామూలుగా చెప్పేశాడు. కానీ ఆ మాటలో పెద్ద పొడుపుకథ ఉంది. నది మోసుకొచ్చిన ఇసుక బరువైనది. నీటి జోరు తగ్గగానే అదే ముందు అడుగుకు దిగిపోవాలి. మెత్తటి బురద తేలికైనది. అది ఇంకా దూరం వెళ్లాలి. అంటే ఒడ్డు దగ్గర ఇసుక, లోపల బురద ఉండాలి. ఇక్కడేమో ఒడ్డు దగ్గర బురద, ఎక్కడో నడిసముద్రంలో ఇసుక! ఆ ఇసుక బురదను దాటుకుని అంత దూరం ఎలా వెళ్లింది?

వెళ్లలేదు. అది అక్కడే ఉంది. సముద్రమే దాని మీదికి వచ్చింది.

ఇరవై వేల ఏళ్ల కిందట...

భూమి ఇప్పటికన్నా బాగా చల్లగా ఉన్న కాలమది. ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపాల మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుపోయింది. ఆ మంచంతా ఎక్కడి నీరు? సముద్రానిదే. ఆవిరై, మంచై కురిసి, మళ్లీ కరిగి రాలేదు. దాంతో ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి దిగిపోయింది. నలభై అంతస్తుల భవనమంత ఎత్తు అన్నమాట!

మన చిన్నప్పటి భూగోళశాస్త్రం పుస్తకంలో ‘ఖండతీరపు అంచు’ అని చదువుకున్నాం, గుర్తుందా? ఖండం చుట్టూ నీళ్లలో మునిగి ఉండే లోతు తక్కువ అరుగు. మన తూర్పు తీరంలో ఇది కొన్నిచోట్ల సన్నగా, కొన్నిచోట్ల వెడల్పుగా ఉంటుంది. స్థూలంగా నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ అనుకోవచ్చు. ఆ అరుగు దాటితే ఒక్కసారిగా లోతు. సముద్రం 120 మీటర్లు దిగిపోయినప్పుడు దాదాపు ఆ అరుగంతా ఆరిపోయి నేలగా మారింది. దాని మీద గడ్డి మొలిచింది, చెట్లు పెరిగాయి. కృష్ణా గోదావరులు ఆ కొత్త నేలను కోసుకుంటూ అరుగు చివరిదాకా పారి, అక్కడ ఒండ్రును నేరుగా అగాధంలోకి దిమ్మరించాయి. బేతంచెర్ల దగ్గరి గుహల్లో ఎముకలతో, రాళ్లతో పనిముట్లు చేసుకున్న మనుషులు దాదాపు ఆ కాలం వాళ్లే. వాళ్లలో ఎవరైనా కృష్ణ వెంట నడుచుకుంటూ సముద్రాన్ని చూడటానికి వచ్చి ఉంటే, పెనుమూడి దాటి ఇంకా రెండు మూడు రోజులు నడవాల్సి వచ్చేది.

నదులు అలా దిమ్మరించిన ఒండ్రు చిన్నదేమీ కాదు. 2006లో ‘జాయిడెస్ రిజల్యూషన్’ అనే నౌక కృష్ణా-గోదావరి తీరానికి ఎదురుగా లోతు సముద్రంలో తవ్వకాలు జరిపింది. అడుగు మట్టిలో ‘మండే మంచు’ అని పిలిచే గ్యాస్ హైడ్రేట్ల పొర ఒకచోట వంద మీటర్లకు మించిన మందంలో దొరికింది. ఆ గ్యాసు చిక్కుకుని ఉన్న మట్టి లక్షల ఏళ్లుగా మన నదులు మోసినదే.

మెట్లు మెట్లుగా...

తర్వాత భూమి వేడెక్కింది. మంచు కరిగింది. సముద్రం లేచింది. కానీ బకెట్లో నీళ్లు నిండినట్టు ఒకే తీరున లేవలేదు. కొన్నాళ్లు నిదానించింది, కొన్నాళ్లు పరుగెత్తింది. సుమారు 14,500 ఏళ్ల కిందట కొన్ని వందల ఏళ్లపాటు ఎంత జోరుగా లేచిందంటే, ఒక మనిషి పుట్టి ముసలివాడయ్యేలోగా సముద్రం రెండు మీటర్లకు పైగా పెరిగేది.

ఈ నిదానమూ, పరుగూ రెండూ సముద్రపు అడుగున గుర్తులు వదిలాయి. సముద్రం ఒకేచోట చాలాకాలం నిలిచినప్పుడు అలలు తీరాన్ని కోసి మెట్టులా చేశాయి. ఇసుకను గట్టులా పోగేశాయి. తర్వాత ఒక్కసారిగా నీరు లేవడంతో ఆ మెట్టు, ఆ ఇసుక గట్టు చెదిరిపోకుండా అలాగే మునిగిపోయాయి. నదులు కోసిన లోయలు కూడా మునిగి, మెల్లగా బురదతో పూడిపోయాయి. పైకి చదునుగా కనిపించే సముద్రపు అడుగు కింద పాత నదుల జాడలు ఉండటానికి ఇదే కారణం.

మరి ఇదంతా ఎలా తెలిసింది? ఓడ మీద నుంచి శబ్దాన్ని కిందికి పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు కొలుస్తారు. గొట్టాలు దించి అడుగు మట్టిని పైకి తీస్తారు. మన తీరంలో ఈ చదువుకు పునాది పడింది విశాఖపట్నంలో. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని పరిశీలించారు. మన తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న లోతైన లోయల్లో రెంటికి ‘ఆంధ్ర’, ‘మహదేవన్’ అని పేర్లున్నాయని ఎంతమందికి తెలుసు! మహదేవన్ ఆ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యులు. తర్వాత జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ కూడా రంగంలోకి దిగాయి. నిజాంపట్నం అఖాతం అడుగు మట్టిని, అందులోని సముద్రమట్టపు మార్పుల జాడలను ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా పరిశీలించారు.

వాళ్ల గొట్టాల్లో వచ్చింది కూడా పెనుమూడి బాబాయ్ చెప్పిందే. ఒడ్డు వైపు ఒండ్రు, దాన్ని దాటితే ఇసుక, గుల్ల. ఇంకా లోపలి అంచున చేపగుడ్లలా గుండ్రంగా ఉండే సన్నటి సున్నపు గుళికలు. ఈ గుళికలు మోకాలి లోతు నుంచి ఏ నాలుగైదు మీటర్ల లోతు లోపు, వెచ్చటి నీటిలో, అలలకు దొర్లుతూ మాత్రమే తయారవుతాయి. అవి ఇప్పుడు పదుల మీటర్ల లోతున దొరుకుతున్నాయంటే అర్థమేంటి? ఒకప్పుడు అక్కడ పిల్లలు ఆడుకోగలిగినంత లోతే ఉండేదని!

మునిగింది మన ఊరొకటే కాదు

ఇది మన తీరానికే పరిమితమైన కథ కాదు. 1931లో ఇంగ్లండుకు ఎదురుగా ఉత్తర సముద్రంలో చేపలు పడుతున్న ‘కొలిండా’ అనే పడవ వలలో ఓ నల్లటి మట్టిగడ్డ పడింది. పగలగొడితే లోపల కొమ్ముతో చెక్కిన బల్లెపు ములికి! ఎవరో వేటగాడు పదమూడు వేల ఏళ్ల కిందట పోగొట్టుకున్నది. అప్పట్లో ఇంగ్లండు నుంచి ఐరోపాకు నడిచే వెళ్లొచ్చు. జావా, సుమత్రా, బోర్నియో దీవులు కూడా ఒకప్పుడు ఆసియాతో కలిసి ఉన్న ఒకే నేల. వాటి మధ్య సముద్రం అడుగున మునిగిన నదుల లోయలు ఇప్పటికీ ఉన్నాయి. ఇండోనేసియాలో కొన్నిచోట్ల ఆ లోయల మట్టిలోంచి తగరం తవ్వి తీస్తున్నారు.

సముద్రం ఆగింది... నేల మొదలైంది

సుమారు ఏడు వేల ఏళ్ల కిందట సముద్రం పరుగు ఆగింది. దాదాపు ఇప్పటి మట్టానికి చేరి నిలబడింది. అయితే అప్పటి తీరం ఇప్పటి తీరం కాదు. ఇప్పటికన్నా పాతిక, ముప్పై కిలోమీటర్లు లోపలికి ఉండేది. అంటే పెనుమూడి, రేపల్లె, అవనిగడ్డ... ఏవీ లేవు. ఉన్నదంతా ఉప్పునీరే.

సముద్రం ఆగాక కృష్ణమ్మకు సందు దొరికింది. దక్కను పీఠభూమి నల్లరేగడిని కరిగించి తెచ్చి ఒడ్డున పోయడం మొదలుపెట్టింది. అలలు అందులోని ఇసుకను ఏరి తీరం పొడవునా దిబ్బగా పేర్చాయి. నది మళ్లీ ఒండ్రు పోసింది. తీరం ముందుకు జరిగింది. ముందు ఇంకో దిబ్బ. ఆ తర్వాత మరొకటి. పొన్నూరు, బాపట్ల, నిజాంపట్నం వైపు తిరిగితే ఇసుక దిబ్బలు తీరానికి సమాంతరంగా వరసలుగా కనిపిస్తాయి. చెట్టు కొట్టి వయసు తెలుసుకోవాలంటే వలయాలు లెక్కపెడతాం కదా! డెల్టా వయసుకు ఈ దిబ్బలే వలయాలు.

ఈ సంగతి మన పెద్దలు ఏ పరికరమూ లేకుండానే కనిపెట్టారు. దిబ్బ మీద ఊరు, పల్లంలో వరి. దిబ్బ మీద తాడి, జీడిమామిడి, సరుగుడు. ఊళ్ల పేర్లు చూడండి. లంకెవానిదిబ్బ, ఈలచెట్లదిబ్బ, పాలకాయతిప్ప, నాగాయలంక, అడవులదీవి, హంసలదీవి. దిబ్బ, తిప్ప, లంక, దీవి! ఒక్కో పేరూ ఆ నేల నీళ్లలోంచి ఎలా లేచిందో చెబుతోంది.

బాపట్ల వైపు ఇసుక నేలల్లో రైతులు తవ్వే దొరువులు ఈ చరిత్రకు ఇంకో సాక్ష్యం. కొద్ది లోతు గుంట తవ్వితే తియ్యటి నీళ్లు. ఆశపడి ఇంకా లోతుకు వెళ్తే ఉప్పు. వాన నీరు ఇసుక దిబ్బలోకి ఇంకి, కిందున్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైనున్న మీగడ తీసుకున్నట్టు జాగ్రత్తగా తోడుకోవాలి. కింద ఇంకా పాత సముద్రమే ఉందన్న సంగతి దొరువు తవ్విన ప్రతి రైతుకూ తెలుసు.

రేపల్లె నుంచి తెనాలి దారిలో భట్టిప్రోలు ఉంది. రెండు వేల రెండు వందల ఏళ్లు దాటిన బౌద్ధ స్తూపం అక్కడుంది. అంటే అప్పటికే అక్కడ నేల గట్టిపడి, ఊరు వెలిసి, ధాతువులను భద్రపరిచి వాటి పేటికల మీద అక్షరాలు చెక్కే స్థాయికి మనుషులు ఎదిగారు. నదికి అవతల ఘంటసాల. క్రీ.శ. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన ‘కంటకోసిల’ అనే వర్తక కేంద్రం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఇప్పుడు ఘంటసాల చుట్టూ వరిచేలు. సముద్రం ఎక్కడో దూరాన ఉంది. కృష్ణా గోదావరి డెల్టాలు రెండూ ముందుకు పెరుగుతుంటే మధ్యలో చిక్కుకుపోయిన సముద్రపు ముక్కే మన కొల్లేరు. ఇప్పుడది తీరానికి ముప్పై కిలోమీటర్లకు పైగా లోపల ఉంది.

ఆ రాత్రి అరుగే శత్రువైంది

"సముద్రం ఇక్కడికి ఎంత దూరం బాబాయ్?" అని అడిగినప్పుడు పెద్దాయన వెంటనే బదులివ్వలేదు. వల మీదనుంచి చెయ్యి తీసి కిందివైపు చూపించాడు.

"మనం పోతే పాతిక కిలోమీటర్లు పైమాటే. అదే రావాలనుకుంటే ఎంతసేపు! నాకు పన్నెండేళ్లప్పుడు వచ్చింది కదా."

1977 నవంబరు 19. నిజాంపట్నం దగ్గర తీరం దాటిన తుపాను. ఐదారు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన దివిసీమను ముంచేసింది. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. సొర్లగొంది లాంటి ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి.

గాలి అన్నిచోట్లా నీటిని ఒడ్డుకు నెడుతుంది. సముద్రం లోతుగా ఉంటే నెట్టిన నీరు అడుగు నుంచి వెనక్కి జారిపోతుంది. లోతు తక్కువైతే దానికి వెనక్కి పోయే దారి ఉండదు. ఒడ్డు మీద గోడలా లేస్తుంది. మన తీరం ముందున్న ఆ అరుగు, మునిగిపోయిన పాత నేల, దాని మీద కృష్ణమ్మ పరిచిన ఒండ్రు... అన్నీ కలిసి అక్కడ లోతును తగ్గించాయి. ఆ అరుగు వల్లే చేపలూ రొయ్యలూ పుష్కలం. ఆ రాత్రి మాత్రం అదే శత్రువైంది. ఉప్పెన ఎంత ఎత్తు లేస్తుందో ముందే లెక్కకట్టాలంటే శాస్త్రవేత్తలు గాలి వేగంతోపాటు సముద్రపు అడుగు ఎక్కడ ఎంత లోతుందో కూడా తెలుసుకుని తీరాలి. ఇరవై వేల ఏళ్ల నాటి కథ మనకెందుకు అంటే, ఇందుకు!

ఒండ్రు ఏదీ?

లంకెవానిదిబ్బ వైపు వెళ్లే దారిలో వరిచేలు పలచబడి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. చెరువు గట్ల మీద ఏరేటర్ల చప్పుడు. ఆ పైన మడ అడవి. ఆ చివర సముద్రం. ఏడు వేల ఏళ్లుగా ఇక్కడ నది ముందుకు నెడుతుంటే సముద్రం వెనక్కి జరుగుతూ వచ్చింది. ఇప్పుడు ఆట తిరగబడింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1965 నుంచి 2008 వరకు కృష్ణా గోదావరి డెల్టాల తీరం వెంట మొత్తం మీద 76 చదరపు కిలోమీటర్ల నేలను సముద్రం కోసుకుపోయింది. ఎకరాల్లో చెబితే దాదాపు పంతొమ్మిది వేలు! 1960ల చివర్లో కృష్ణమ్మ ఏడాదికి సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000-05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. 1950ల్లో డెల్టాకు చేరిన నీరు ఏడాదికి సుమారు 2,200 టీఎంసీలు. 2000-08 మధ్య 420 టీఎంసీలే.

మరి ఆ ఒండ్రంతా ఎక్కడుంది? ఆనకట్టల వెనక. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని ఇప్పుడు 215 టీఎంసీల దగ్గరికి వచ్చింది. నాగార్జునసాగర్‌దీ అదే దారి. లంకెవానిదిబ్బకు చేరాల్సిన మట్టి నల్లమల కొండల మధ్యే ఆగిపోయింది.

ఆనకట్టలు వద్దని ఎవరంటారు? ఈ డెల్టా మూడు పూటలా తింటున్నది ఆ నీళ్ల వల్లే. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాకే కదా ఈ సీమ కరవు మరిచింది! కానీ ఖర్చు ఖర్చే. పైగా సముద్రం మళ్లీ లేస్తోంది. 1993 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్న లెక్కల ప్రకారం ప్రపంచ సగటు ఏడాదికి మూడు, నాలుగు మిల్లీమీటర్లు. వినడానికి చిన్నదే. ఒండ్రు రాని డెల్టాకు అదే పెద్దది. డెల్టా మట్టి తన బరువుకు తనే కొద్దికొద్దిగా అణిగిపోతూ ఉంటుంది. పైన కొత్త ఒండ్రు పడుతుంటేనే నిలబడుతుంది.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగింది. కరకట్టల మీద జనం రాత్రంతా కాపలా కాశారు. ఇసుక బస్తాలు మోశారు. "వరదంటే భయమే కానీ, వరద రాకపోతే ఉప్పు ఎగదన్నుకొస్తది. ఏది మేలంటావు?" అని అడిగాడు పెద్దాయన. ఏం చెప్పను? రెండూ నిజమే.

సాయంత్రం తిరిగి పెనుమూడి చేరేసరికి నది రంగు మారింది. పెద్దాయన పడవను ఒడ్డుకు లాగి కట్టేస్తున్నాడు. లంగరు మీద అంటుకున్న నల్లటి ఒండ్రును చేత్తో తుడిచి నీళ్లలో కలిపేశాడు. ఎక్కడో మహారాష్ట్ర చేలల్లోంచి బయల్దేరి, అన్ని ఆనకట్టలూ దాటుకుని వచ్చిన మట్టి అది. ఇంకొక్క పాతిక కిలోమీటర్లు పోతే ఎక్కడో ఒకచోట నేలవుతుంది.

వెళ్లాలంటే...

తెనాలి నుంచి రేపల్లెకు రైళ్లు, బస్సులు ఉన్నాయి. రేపల్లె నుంచి పెనుమూడి పట్టుమని పది కిలోమీటర్లు కూడా ఉండదు. బాపట్ల, మచిలీపట్నం వైపు నుంచి వచ్చేవారికి 216వ నంబరు జాతీయ రహదారి ఈ వంతెన మీదుగానే వెళ్తుంది. దారిలో భట్టిప్రోలు స్తూపం, నది దాటాక ఘంటసాల మ్యూజియం, మోపిదేవి ఆలయం, హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి, సాగరసంగమం చూడొచ్చు. ఇటు వైపు నిజాంపట్నం హార్బర్ ఉంది. సంగమం దగ్గర ప్రవాహం నమ్మదగ్గది కాదు. పిల్లలను లోతుకు దిగనివ్వకండి. తుపాను హెచ్చరికలున్న రోజుల్లో ప్రయాణం వాయిదా వేసుకోవడమే మంచిది.